కణం తలుపుకు రెండు గడియలు

జన్యువులు ఎప్పుడు పనిచేయాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్న క్రమం తప్పితే ఏమవుతుంది? పసిపిల్లల కంటికి వచ్చే ఒక అరుదైన జబ్బు ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ తెలుసుకోవలసిన ఆ కథ ఇది.

"కంట్లో ఉన్నదీ కాలేయంలో ఉన్నదీ ఒకే డీఎన్‌ఏ అయితే కన్ను కన్నులాగా, కాలేయం కాలేయంలాగా ఎందుకున్నాయి మాస్టారూ?"

జీవశాస్త్రం చెప్పే ఏ తరగతిలోనైనా ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. అడిగిన బిడ్డను మెచ్చుకోవాలి. ఎందుకంటే ఇది చిన్న ప్రశ్న కాదు. శాస్త్రవేత్తలు చాలా ఏళ్లు తలలు పట్టుకున్న ప్రశ్న. దీనికి జవాబు దొరికాకే క్యాన్సర్ అంటే ఏమిటో కూడా అర్థమవడం మొదలైంది.

మన ఒంట్లోని దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు ఉంటాయి. అందులో సగం అమ్మవి, సగం నాన్నవి. వాటిలో చుట్టుకుని ఉన్న డీఎన్‌ఏను సాగదీస్తే రెండు మీటర్ల పొడవుంటుంది. అంత దారం మిల్లీమీటరులో వందో వంతు కూడా లేని గదిలో ఒదిగి ఉంటుంది. ఆ దారం మీద ప్రొటీన్లు తయారుచేసే సూచనలు సుమారు 20,000 ఉన్నాయి. ఒక్కో సూచనే ఒక్కో జన్యువు.

మన పిల్లలు ఈ మాటను రెండేసి భాషల్లో వింటుంటారు. తెలుగు పాఠంలో 'జన్యువు' అంటాం. కన్నడంలో 'వంశవాహి', తమిళంలో 'మరబణు', మరాఠీలో 'జనుక' అంటారు. వంశాన్ని మోసేదని ఒకరు, వారసత్వపు అణువని ఒకరు, పుట్టుకకు సంబంధించినదని ఇంకొకరు. మాటలు వేరైనా చూపిస్తున్నది ఒకే వస్తువును. పొరుగు భాష మాట పక్కన తెలుగు మాట రాసుకున్న బిడ్డకు అర్థం ఒకటికి రెండుసార్లు దొరుకుతుంది. అది మన బడులకు ఉన్న సౌకర్యం.

అన్ని పుస్తకాలూ ఉన్నాయి, తెరిచేవి కొన్నే

బడి గ్రంథాలయంలో ఒకటో తరగతి నుంచి పదో తరగతి వరకు పుస్తకాలన్నీ ఉంటాయి. మూడో తరగతి గదిలో మాత్రం మూడో తరగతి పుస్తకాలే తెరుస్తారు. కణంలోనూ ఇంతే. కంటి కణంలో ఇన్సులిన్ తయారీ పాఠం ఉంది, కానీ ఆ పుస్తకం మూసి ఉంది. క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాల్లో కంటి వెలుగు పాఠం ఉంది, అదీ మూసే ఉంది. ఏ కణం ఏ పుస్తకాలు తెరిచిందన్న దాన్ని బట్టే అది కన్నో, కండో, చర్మమో అవుతుంది.

జన్యువును తెరిచి చదివి, దాని ప్రకారం ప్రొటీన్ తయారుచేసుకోవడాన్ని 'జన్యు వ్యక్తీకరణ' అంటారు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత మోతాదులో చదవాలో నిర్ణయించే ఏర్పాటే 'జన్యు నియంత్రణ'.

ఈ ఏర్పాటును మొదట స్పష్టంగా చూపించింది పాలలోని చక్కెర. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో అనే ఇద్దరు మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాను పరీక్షించారు. దానికి గ్లూకోజు దొరికినంతసేపూ లాక్టోజు అనే పాల చక్కెర జోలికి పోదు. గ్లూకోజు అయిపోయి, చుట్టూ లాక్టోజే ఉన్నప్పుడు మాత్రం దాన్ని విడగొట్టే ఎంజైముల జన్యువులను తెరుస్తుంది. లాక్టోజు లేనప్పుడు ఒక ప్రొటీన్ ఆ జన్యువుల వాకిట్లో అడ్డంగా కూర్చుని ఉంటుంది. లాక్టోజు వచ్చి దాన్ని అంటుకోగానే అది లేచి తప్పుకుంటుంది, దారి తెరుచుకుంటుంది. ఈ సిద్ధాంతాన్ని వారు 1961లో ప్రకటించారు. 1965లో ఆంద్రె ల్వోఫ్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో 'ల్యాక్ ఒపెరాన్' పేరుతో పిల్లలు బట్టీ పట్టేది దీన్నే. వాకిట్లో కూర్చున్న కాపలాదారు కథగా చెబితే బట్టీ పట్టే పని ఉండదు.

మనిషి కణంలో కాపలా ఇంకా పకడ్బందీగా ఉంటుంది. కొన్ని ప్రొటీన్లు జన్యువు వాకిట వాలి 'చదువు' అంటాయి. కొన్ని 'వద్దు' అంటాయి. అవసరం లేని భాగాన్ని కణం గట్టిగా చుట్టి అటక మీద పెట్టేస్తుంది. కొన్ని జన్యువుల మీద మిథైల్ అనే చిన్న రసాయన ముద్ర వేసి మూసేస్తుంది. సూచన చదివి నకలు రాసుకున్న తర్వాత కూడా ఆ నకలును మధ్యలో ఆపే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయి. వాటిని కనుగొన్నందుకే 2024లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు నోబెల్ వచ్చింది.

దీనికి ఉదాహరణ వీధిలోనే దొరుకుతుంది. నలుపు, నారింజ, తెలుపు మచ్చలున్న మూడు రంగుల పిల్లిని చూశారా? అది దాదాపు ఎప్పుడూ ఆడపిల్లే. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడపిల్లికి ఎక్స్‌లు రెండు. ప్రతి కణమూ అందులో ఒకదాన్ని మూసేస్తుంది. ఒక చోట అమ్మ ఇచ్చిన ఎక్స్ మూసుకుంటే మరో చోట నాన్న ఇచ్చింది మూసుకుంటుంది. అందుకే ఒక మచ్చ నారింజ, ఒక మచ్చ నలుపు. ఆడ మనుషుల్లోనూ ఎక్స్ ఇలాగే మూసుకుంటుంది, కాకపోతే ఒంటి మీద మచ్చలుగా కనబడదు.

విభజన గదికి వేసిన గడియ

కణం తెరిచే పుస్తకాల్లో అన్నిటికన్నా జాగ్రత్తగా తెరవాల్సింది 'ఒకటి రెండు కావడం' అనే పుస్తకం. గాయం మానాలన్నా, చర్మం మారాలన్నా, బిడ్డ ఎదగాలన్నా కణాలు విభజన చెందాలి. పని పూర్తయ్యాక ఆ పుస్తకం మూయాలి. మూయకపోతే కణాలు గుట్టలు పడతాయి. ఆ గుట్టే కంతి. కంతిలోని కణాలు తమ హద్దు దాటి పక్క భాగాల్లోకి చొరబడి, రక్తంలోనో లింఫు నాళాల్లోనో కొట్టుకుపోయి మరో చోట పాతుకుంటే అది క్యాన్సర్.

విభజన పుస్తకం ఉన్న గదికి గడియగా పనిచేసే ప్రొటీన్ ఒకటుంది. దాని పేరు ఆర్‌బీ. డీఎన్‌ఏకు నకలు తీయడానికి కావలసిన జన్యువులను తెరిచే మరో ప్రొటీన్ పేరు ఈ2ఎఫ్. మామూలు రోజుల్లో ఆర్‌బీ ఈ2ఎఫ్‌ను కదలకుండా పట్టుకుని ఉంటుంది. 'ఇప్పుడు పెరగాలి' అన్న సంకేతం బయటినుంచి వచ్చినప్పుడు కణం ఆర్‌బీకి ఫాస్ఫేటు ముక్కలు అతికిస్తుంది. అప్పుడు పట్టు సడలుతుంది, ఈ2ఎఫ్ విడుదలవుతుంది, విభజన మొదలవుతుంది. పని కాగానే గడియ మళ్లీ పడుతుంది.

ఈ గడియకు ఆర్‌బీ అన్న పేరు ఒక జబ్బు నుంచి వచ్చింది. ఆ జబ్బు రెటినోబ్లాస్టోమా, అంటే పసిపిల్లల కంటి తెరకు వచ్చే క్యాన్సర్.

నడ్సన్ లెక్క

రెటినోబ్లాస్టోమా అరుదు. పుట్టే ప్రతి 15 వేల నుంచి 20 వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. దాదాపు అందరికీ ఐదేళ్లలోపే బయటపడుతుంది. కొందరికి ఒక కంటికే వస్తుంది, కొందరికి రెండు కళ్లకూ వస్తుంది. రెండు కళ్లకూ వచ్చేవారికి ఇంకా చిన్న వయసులోనే, ఒక్కోసారి నెలల పిల్లలుగా ఉండగానే వస్తుంది. ఎందుకీ తేడా?

అమెరికాలోని హ్యూస్టన్‌లో ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అనే పిల్లల డాక్టరు ఈ జబ్బు వచ్చిన 48 మంది పిల్లల వివరాలు ముందేసుకుని, వారి వయసులతో లెక్క కట్టారు. కొత్త యంత్రాలేమీ లేవు. కాగితమూ, గణితమూ అంతే. 1971లో ఆయన చెప్పిన మాట ఇది: తలుపుకు పై గడియ ఒకటి, కింది గడియ ఒకటి ఉన్నాయనుకోండి. ఒకటి ఊడినా రెండోది తలుపును పట్టి ఉంచుతుంది. రెండూ ఊడితేనే తలుపు తెరుచుకుంటుంది.

జన్యువులు జంటగా ఉంటాయి కదా. అమ్మ ఇచ్చిన ప్రతి పై గడియ, నాన్న ఇచ్చిన ప్రతి కింది గడియ. రెండూ బాగున్న బిడ్డ కంట్లో ఒకే కణంలో రెండు గడియలూ ఊడాలంటే చాలా అరుదైన దురదృష్టం కావాలి. అందుకే ఆ జబ్బు ఒక కంటికే, కాస్త ఆలస్యంగా వస్తుంది. కొందరు పిల్లలు ఒక గడియ ఊడిపోయే పుడతారు. వారి కంటి తెరలోని ప్రతి కణంలోనూ మిగిలింది ఒక్క గడియే. అదెక్కడ ఊడినా జబ్బే. అందుకే రెండు కళ్లకూ, త్వరగా వస్తుంది.

నడ్సన్ ఊహించిన ఆ జన్యువు 13వ క్రోమోజోము మీద ఉందని తేలింది. 1986లో దాన్ని విడదీసి పట్టుకున్నారు. కంటి జబ్బులో దొరికిన ఆ గడియే ఒంట్లోని కణాలన్నిటికీ గడియ అని తర్వాత తెలిసింది. మరి పెద్దవాళ్లకు ఈ కంటి జబ్బు ఎందుకు రాదు? కంటి తెర కణాలు పసితనంలోనే విభజన ముగించుకుంటాయి. పుస్తకం అటక ఎక్కాక గడియతో పెద్దగా పని లేదు.

ఫొటోలో తెల్లగా మెరిసే కన్ను

తల్లిదండ్రులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి చదవాలి. ఫ్లాష్ వేసి ఫొటో తీసినప్పుడు పిల్లల కంటిపాపలు ఎర్రగా కనబడటం మామూలే. ఒక కన్ను ఎర్రగా ఉండి, రెండోది తెల్లగానో పసుపుగానో మెరిస్తే, లేదా మసక వెలుతురులో పాప లోపల పిల్లి కన్నులా తెల్లటి మెరుపు కనబడితే, కొత్తగా మెల్ల వస్తే బిడ్డను రోజుల్లోనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వారాలు ఆగవద్దు.

తెల్ల మెరుపు ప్రతిసారీ క్యాన్సరే కాదు. శుక్లం కావచ్చు, కెమెరా పెట్టిన కోణం కావచ్చు. కానీ ఆ తేడా ఇంట్లో తేలదు. పాపను పెద్దది చేసే చుక్కలు వేసి లోపల చూస్తేనే తెలుస్తుంది. ఆ మొదటి పరీక్ష ఏ ఊరి కంటి డాక్టరైనా చేయగలరు.

త్వరగా పట్టుకుంటే లేజరుతో, శీతల చికిత్సతో, మందులతో ప్రాణంతో పాటు చాలాసార్లు కన్నూ దక్కుతుంది. వైద్యం అందరికీ అందే సంపన్న దేశాల్లో ఈ బిడ్డల్లో 95 శాతానికి పైగా బతుకుతున్నారు. ఆలస్యమైతే కన్ను తీసేయక తప్పదు. ఇంకా ఆలస్యమైతే జబ్బు కంటి నరం వెంబడి మెదడుకు పాకుతుంది. 'చిన్నపిల్ల కదా, పెద్దయితే సర్దుకుంటుంది' అన్న మాట ఎన్ని మంచి ఉద్దేశాలతో అన్నా ఇక్కడ ప్రమాదమే.

ఒక బిడ్డకు ఈ జబ్బు వచ్చిన ఇంట్లో తర్వాత పుట్టే పిల్లలకు పుట్టిన వెంటనే కళ్లు పరీక్ష చేయించాలి. ఈ జబ్బు ఉన్న పిల్లల్లో సుమారు 40 శాతం మంది పుట్టుకతోనే ఒక గడియ ఊడినవారు. వారు పెద్దయి తల్లో తండ్రో అయితే ప్రతి బిడ్డకూ ఆ లోపం అందే అవకాశం సగం. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. పుట్టుకతో లోపం ఉన్నా, వారిలో ఎక్కువ మందికి కుటుంబంలో ముందెవరికీ ఈ జబ్బు ఉండదు. ఆ మార్పు ఆ బిడ్డతోనే మొదలవుతుంది. కాబట్టి 'ఇది మీ వైపు నుంచే వచ్చింది' అని కోడలినో అల్లుడినో నిందించడానికి శాస్త్రంలో చోటు లేదు.

గడియలే కాదు, గంటలూ ఉన్నాయి

విభజనను ఆపే జన్యువులు ఉన్నట్టే, 'మొదలుపెట్టు' అని గంట కొట్టే జన్యువులూ ఉన్నాయి. రాస్ అనే జన్యువు అలాంటిది. 1982లో మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో చూస్తే ఈ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారి ఉంది. జీ ఉండాల్సిన చోట టీ. అంతే, గంట మోగుతూనే ఉంది. ఒక్క అక్షరంతో ఇంత తేడానా అని పిల్లలు అడిగితే 'కల' అనీ 'కళ' అనీ పలక మీద రాసి చూపించండి.

మరో రకం పొరపాటులో జన్యువు అక్షరాలన్నీ సరిగానే ఉంటాయి, తెరిచే మీట మారిపోతుంది. డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడు ఉగాండా పిల్లల దవడల్లో చూసి 1958లో వివరించిన లింఫోమా అలాంటిదే. ఆ కణాల్లో 8వ క్రోమోజోము ముక్క ఒకటి తెగి, సాధారణంగా 14వ క్రోమోజోముకు అతుక్కుంటుంది. తెగిన ముక్కలో మిక్ అనే పెరుగుదల జన్యువు ఉంది. అతుక్కున్న చోట యాంటీబాడీలు తయారుచేసే జన్యువు మీట ఉంది. ఆ రకం తెల్ల కణాల్లో ఆ మీట ఎప్పుడూ వేసే ఉంటుంది. పాపం మిక్ తప్పేమీ లేదు. ఆరని దీపం పక్కన కూర్చోవడమే తప్పయింది. జన్యు నియంత్రణ చెడితే క్యాన్సర్ ఎలా వస్తుందో చెప్పడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ అరుదు.

మూడోది, అక్షరమూ మారకుండా చోటూ మారకుండా మిథైల్ ముద్ర తప్పు చోట పడటం. మూసి ఉంచాల్సినవి తెరుచుకుంటాయి, తెరిచి ఉండాల్సిన గడియ జన్యువు మూసుకుపోతుంది. గడియ ఊడినా, గడియ తయారుచేసే పుస్తకమే మూసేసినా ఫలితం ఒకటే.

వీటన్నిటి మీదా ఒక పెద్ద తనిఖీదారు ఉన్నాడు. ఆ ప్రొటీన్ పేరు పీ53. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు ఇది మరమ్మతు జన్యువులను తెరిపిస్తుంది. బాగుచేయలేనంత దెబ్బ అయితే కణం తనంతట తాను చనిపోయే ఏర్పాటు చేస్తుంది. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ తనిఖీదారు జన్యువే చెడిపోయి ఉంటుంది. పీ53 జన్యువు ప్రతులు మనకు రెండే. ఆఫ్రికా ఏనుగుకు సుమారు 40 ఉన్నాయని 2015లో తెలిసింది. అంత పెద్ద ఒళ్లు, అన్ని కణాలు ఉన్నా ఏనుగులు క్యాన్సర్‌తో చనిపోవడం అరుదు కావడానికి ఇదొక కారణమని భావిస్తున్నారు.

క్యాన్సర్ ఒక్క దెబ్బతో రాదని దీన్నిబట్టి తెలుస్తుంది. గడియలు ఊడాలి, గంట ఆగకుండా మోగాలి, తనిఖీదారు పడిపోవాలి. ఇవన్నీ ఒకే కణంలో, ఒకదాని తర్వాత ఒకటిగా జరగడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. అందుకే క్యాన్సర్ పెద్ద వయసులో ఎక్కువ. అందుకే మధ్యలో ఏదో ఒక మెట్టు దగ్గర ఆపే అవకాశమూ మన చేతుల్లో ఉంది. ఎక్కువ మందికి అందుబాటులో ఉన్న మెట్లు రెండు. ఒకటి టీకా, రెండోది పొగాకు.

గడియ ఊడదీసే వైరస్

భారతీయ మహిళల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తర్వాతిది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. దాదాపు అన్ని కేసులకూ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఈ సంబంధాన్ని చూపించిన జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది.

ఈ వైరస్ చేసే పని తెలిస్తే పైన చెప్పిందంతా ఒక్కచోటికి వస్తుంది. దానికి ఈ6, ఈ7 అని రెండు ప్రొటీన్లు ఉన్నాయి. ఈ7 నేరుగా వెళ్లి ఆర్‌బీని పట్టుకుని పక్కకు లాగేస్తుంది. ఈ6 పీ53ను నాశనం చేయిస్తుంది. అంటే గడియా ఊడింది, తనిఖీదారూ లేడు. పసిబిడ్డ కంట్లో పుట్టుకతో వచ్చిన లోపం చేసిన పనినే తల్లి ఒంట్లో వైరస్ చేస్తోంది.

వైరస్ సోకిన వారిలో చాలామందికి రోగనిరోధక శక్తి దాన్ని ఒకటి రెండేళ్లలో వదిలించేస్తుంది. కొందరిలో అది తిష్ట వేస్తుంది, ఏళ్ల తరబడి గడియ పీకుతూనే ఉంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఈ వైరస్‌లోని 16, 18 రకాలే కారణం. ఆ రెండింటినీ అడ్డుకునే టీకాలు ఉన్నాయి. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావాక్ టీకాకు 2022లో మన దేశంలో అనుమతి వచ్చింది.

టీకా బాగా పనిచేసేది వైరస్ సోకకముందే. అందుకే 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే నాలుగో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా మన బడుల్లో ఉన్న పిల్లలే. 'ఇంత చిన్నపిల్లకు ఇప్పుడే ఎందుకు' అన్న సంకోచం చాలా ఇళ్లలో ఉంది. ఇప్పుడే వేయాలి కాబట్టే ఇప్పుడు. తల్లుల సమావేశం ఉన్న రోజున దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరునో నర్సునో బడికి పిలిచి, తల్లుల భాషలో మాట్లాడించండి. 30 ఏళ్లు దాటిన తల్లులకు ముఖద్వార పరీక్ష గురించి కూడా అప్పుడే చెప్పించవచ్చు.

అడ్డపొగ నేర్పిన పాఠం

శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటు చాలాకాలంగా ఉంది. దాన్ని అడ్డపొగ అంటారు. ఎక్కువగా తాగేది ఆడవాళ్లు. ఒడిశా సరిహద్దు వైపున్న మన పాఠకులకు ఈ మాట కొత్త కాదు. ఇతర చోట్ల అరుదుగా కనిపించే అంగిటి క్యాన్సర్ ఈ గ్రామాల్లో ఎక్కువగా ఉండటం చూసి, దేశ విదేశాల నోటి వైద్య పరిశోధకులు దీని మీద దశాబ్దాలుగా పనిచేశారు. వేడీ పొగా ఎక్కడ తగులుతున్నాయో క్యాన్సర్ అక్కడే వస్తోందన్నది వారు చూసిన సంగతి.

ఆ పొగలో ఏముంది? బెంజోపైరీన్ అనే పదార్థం ఒకటి. ఒంట్లోకి వెళ్లాక అది మారిన రూపం పీ53 జన్యువులో కొన్ని ప్రత్యేకమైన అక్షరాలకే అతుక్కుంటుందని, ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవారిలో చెడిపోయి కనబడే అక్షరాలూ అవేనని 1996లో వచ్చిన పరిశోధన చూపించింది. పొగ తాగితే క్యాన్సర్ వస్తుందన్న మాట అప్పటిదాకా లెక్కల్లో ఉండేది. ఆ పరిశోధనతో అది అక్షరాల్లో కనబడింది.

పొగ లేకపోతే ప్రమాదం లేదనుకోవద్దు. గుట్కా, ఖైనీ నోటి క్యాన్సర్‌కు దారితీస్తాయి. పొగాకు కలపకపోయినా వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. మన దేశంలో మగవారికి ఎక్కువగా వచ్చే క్యాన్సర్ నోటిదే. విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. గేటు ఎదురుగా పొట్లాలు వేలాడుతుంటే తల్లిదండ్రుల కమిటీ తీర్మానం చేసి స్థానిక అధికారులకు ఇవ్వవచ్చు. ఏ రాష్ట్రంలో ఉన్నా ఈ చట్టం ఒకటే.

మందు కథలో మనవాడు

క్యాన్సర్ మందుల చరిత్రలో భీమవరంలో 1895లో పుట్టిన ఒక తెలుగు బిడ్డ ఉన్నారు. మద్రాసు హిందూ హైస్కూలులో చదివి, మద్రాసు వైద్య కళాశాలలో వైద్యం నేర్చుకుని, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు. డీఎన్‌ఏ అక్షరాలు తయారు కావాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లంలాగే కనబడుతూ ఆ పని జరగనివ్వని పదార్థాలను తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో పది మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించారు. అంతకుముందు ఆ జబ్బుకు మందే లేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ ఆ పిల్లలకు వాడుతున్నారు. ఆ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో సంపన్న దేశాల్లో నేడు 90 శాతం వరకు బతుకుతున్నారు.

ఈ మందులు విభజన చెందుతున్న కణాన్ని దెబ్బతీస్తాయి. అది క్యాన్సర్ కణమా, జుట్టు కుదురులోని కణమా అని చూడవు. అందుకే చికిత్సలో జుట్టు రాలుతుంది. మందు ఆపాక మళ్లీ వస్తుంది.

ఇప్పుడు జన్యు నియంత్రణనే సరిచేసే మందులూ వచ్చాయి. ఒక రకం రక్త క్యాన్సర్‌లో తెల్ల కణాలు ఎదగకుండా పసి దశలోనే ఆగిపోతాయి. ఎదుగుదల పాఠాలను ఒక చెడ్డ ప్రొటీన్ మూసేసి ఉంచుతుంది. 1988లో షాంఘై వైద్యులు ఈ జబ్బున్న 24 మందికి విటమిన్ ఏ నుంచి వచ్చిన ఒక మందు ఇచ్చి చూపిన ఫలితం వైద్య లోకాన్ని ఆశ్చర్యపరిచింది. కణాలను చంపలేదు. మూసిన పుస్తకాలు తెరిపించారు, కణాలు ఎదిగాయి. అలాగని క్యారెట్లు తింటే ఈ జబ్బు తగ్గుతుందనుకోకూడదు. అది ఆ ఒక్క జబ్బుకు, డాక్టరు లెక్కగట్టి ఇచ్చే మందు.

చికిత్స ముగించుకుని బడికి వచ్చిన బిడ్డ

ఏదో ఒక రోజు మన తరగతికి గుండు మీద టోపీ పెట్టుకుని ఒక బిడ్డ తిరిగి వస్తుంది. ఆ రోజుకు ముందే మిగతా పిల్లలకు రెండు మాటలు చెప్పి ఉంచాలి. క్యాన్సర్ పక్కన కూర్చుంటే రాదు, డబ్బా పంచుకుంటే రాదు. జుట్టు పోయింది మందు వల్ల. బెంచీ మార్చమని అడిగే తల్లిదండ్రులకూ ఇదే మాట చెప్పాలి.

నిజానికి ఆ బిడ్డ వల్ల మన పిల్లలకు ప్రమాదం లేదు, మన పిల్లల వల్లే ఆ బిడ్డకు ప్రమాదం ఉండవచ్చు. చికిత్సలో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మో తట్టో వస్తే అదే రోజు ఆ బిడ్డ ఇంటికి ఫోన్ చేయాలి. డాక్టరు ముందుజాగ్రత్త మందు ఇవ్వగలరు.

మన ఇళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఆస్పత్రి ఒక భాషలో మాట్లాడుతుంది, ఇల్లు మరో భాషలో వింటుంది. చెన్నైలో 'పుట్రునోయ్' అంటారు, ముంబైలో 'కర్కరోగ్', భువనేశ్వర్‌లో 'కర్కట', కన్నడ రాతల్లో 'అర్బుద'. మన అమ్మమ్మలు 'రాచపుండు' అనేవారు. ఆ మాట అర్థం కాక, అడగడానికి మొహమాటపడి, కాగితం మడిచి బీరువాలో పెట్టేసిన ఇళ్లు ఉన్నాయి. రెండు భాషలూ చదవగల మన ఉపాధ్యాయులు ఆ కాగితాన్ని ఒకసారి తెలుగులో చదివి చెబితే చాలు. 'ముక్క తీసి పరీక్షకు పంపితే జబ్బు పాకుతుంది' అన్న భయం ఉంటుంది. అనుభవమున్న డాక్టరు చేస్తే ఆ ప్రమాదం అతి స్వల్పమనీ, ముక్క పరీక్ష లేకుండా సరైన మందు తేలదనీ చెప్పాలి. క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమేనని కూడా చెప్పాలి.

తరగతిలో ఆడించండి

నడ్సన్ లెక్కను లూడో పాచికతో అరగంటలో చూపించవచ్చు. 36 మంది పిల్లలను కణాలనుకోమనండి. ఒక్కొక్కరూ పాచిక రెండుసార్లు వేయాలి. ఆరు పడితే ఒక గడియ ఊడినట్టు. రెండుసార్లూ ఆరు పడినవారు లేచి నిలబడాలి. సగటున ఒక్కరే నిలబడతారు. ఒక్కోసారి ఎవరూ నిలబడరు.

రెండో ఆటలో అందరికీ ఒక గడియ ముందే ఊడిందని చెప్పండి. ఇప్పుడు పాచిక ఒక్కసారే. ఆరు పడినవారు నిలబడాలి. సుమారు ఆరుగురు లేస్తారు. రెండు కళ్లకూ ఎందుకు వస్తుందో, త్వరగా ఎందుకు వస్తుందో పిల్లలే చెప్పేస్తారు.

అప్పుడు మూడో ప్రశ్న వేయండి. పొగ తాగే మనిషి పాచికను రోజుకు ఎన్నిసార్లు ఎక్కువగా వేస్తున్నట్టు? టీకా వేయించుకున్న అమ్మాయి చేతిలోంచి ఏ పాచికను తీసేసినట్టు? జవాబులు తెలుగులో చెప్పనివ్వండి. పై తరగతుల్లో ఆ పాఠం ఏ భాషలో వచ్చినా వారికి కొత్తగా ఉండదు.